మేనమామ పట్టిన పిడి

పగ పట్టడానికి ఒంట్లో కండ ఉండనక్కర్లేదు. సత్యప్రసాద్ పగ పట్టిన నాటికి అతని బరువు నలభై తొమ్మిది కిలోలు, అదీ బూట్లతో కలిపి. పగ మాత్రం నలుగురు మనుషులకి సరిపడా ఉంది. అది ఎవరి మీదంటే, మండపేటలో రైస్ మిల్లు నడిపే పల్లంరాజుగారి మీద. వరసకి బావ. సత్యప్రసాద్ అక్క లోవలక్ష్మి మొగుడు వెంకన్నకి ఈ పల్లంరాజు తోడబుట్టిన అన్న.

సంగతి మాఘమాసంలో మొదలైంది. లోవలక్ష్మి పెద్దకూతురు సాయిదుర్గ పెళ్లి. గౌరీపూజ అయ్యాక పెళ్లికూతుర్ని వెదురుబుట్టలో కూర్చోబెట్టి, చేతికి కొబ్బరిబొండం ఇచ్చి, మేనమామలు పెళ్లిపీటల దాకా మోసుకెళ్లడం వాళ్ల ఆనవాయితీ. బుట్టకి చెరోవైపు ఒక పిడి. ఒకటి లోవలక్ష్మి పెద్దమ్మ కొడుకు ఉదయ్‌కుమార్‌ది. రొయ్యల చెరువుల్లో వలలు లాగి లాగి అతని చేతులు రోకళ్లలా తయారయ్యాయి. రెండో పిడి సొంత తమ్ముడు సత్యప్రసాద్‌ది. అతను మండపేటలోనే ఓ ప్రైవేటు స్కూల్లో లెక్కల మాస్టారు. సుద్దముక్కకి మించిన బరువు ఎత్తి ఎరగడు.

బుట్ట అడుగున శాస్త్రానికి నాలుగు దోసిళ్ల ధాన్యం పోస్తారు. ఆ రోజు పల్లంరాజు మిల్లు నుంచి సగం బస్తా తెప్పించి స్వయంగా గుమ్మరించాడు.

"మా ఇంటి పిల్ల ఒట్టి బుట్టలో వెళ్తదేంటండీ?" అన్నాడు.

అందరూ నవ్వారు. ఆయన సత్యప్రసాద్ వైపు చూసి కన్ను గీటాడు కూడా. ఆ ధాన్యం ఎవరి కోసం పోశాడో సత్యప్రసాద్‌కి అప్పుడే అర్థమైంది. ఆ బరువు తనవల్ల కాదనీ అర్థమైంది. 'కొంచెం తియ్యండి బావగారూ' అని ఒక్క మాట అంటే సరిపోయేది. మూడొందల మంది జనం, నెత్తి మీద గిరగిరా తిరిగే డ్రోన్ కెమెరా, ఎదురుగా బావగారి నవ్వు. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. పిడి పట్టుకున్నాడు.

నాలుగడుగులు వేశాడు. అయిదో అడుగులో పిడి వేళ్లలోంచి జారిపోయింది. బుట్ట ఒరిగింది, ధాన్యంతో పాటు సాయిదుర్గ జర్రున కిందికి జారింది, కొబ్బరిబొండం దొర్లుకుంటూ పోయి వియ్యంకుడిగారి కాళ్ల దగ్గర ఆగింది. పల్లంరాజు ఒక్క దూకున వచ్చి, సత్యప్రసాద్‌ని నడుంతో పక్కకి తోసి పిడి అందుకున్నాడు. పంతులుగారి మైకు దగ్గర్లోనే ఉండడంతో ఆయన మాట హాలంతా మోగింది.

"మేనమామకి సరదా ఒక్కటే ఉంటే చాలదమ్మా, ఒంట్లో కాసింత మాంసం కూడా ఉండాలి!"

హాలు హాలంతా గొల్లుమంది. పెళ్లికొడుకు నవ్వాడు. సొంత బావ వెంకన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. సత్యప్రసాద్ తల్లి సంపూర్ణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంగు ఎందుకు అడ్డం పెట్టుకుందో కొడుక్కి తెలియదా?

ముప్ఫై ఎనిమిది సెకన్ల వీడియో అది. ఎవడో పనిలేనివాడు దానికి డప్పుల మోత తగిలించి చుట్టాల గ్రూపుల్లో పెట్టాడు. అక్కణ్నుంచి అది ఊళ్లోకి, ఊళ్లోంచి స్కూల్లోకి వచ్చింది. తొమ్మిదో తరగతిలో సత్యప్రసాద్ "ఒక బుట్టలో నలభై మామిడిపళ్లు ఉన్నవి" అని బోర్డు మీద రాయగానే వెనక బెంచీలు బల్లల కింద దూరిపోయాయి. రావులపాలెంలో పెళ్లిచూపులకి వెళ్తే పిల్ల నాయనమ్మ కళ్లజోడు పెట్టుకుని మరీ చూసి, "బాబూ, బుట్టలోంచి పిల్లని పడేసింది మీరేనాండీ?" అని అడిగింది. ఆ సంబంధం మళ్లీ కబురు చెయ్యలేదు.

అన్నిటికంటే మండిపోయే సంగతి ఏమిటంటే, ఇందులో తప్పు జరిగిందని ఒక్కళ్లూ అనుకోలేదు. బావ బావమరిదిని ఆటపట్టించడం లోకంలో ఎక్కడైనా తప్పవుతుందా? అక్కకి చెప్పుకుంటే, "పోన్లేరా, మా బావగారికి నువ్వంటే ముద్దు" అంది. బుట్టలో పోసిన సగం బస్తా సంగతి ఎవరికీ గుర్తేలేదు. ఏడవడానికి కూడా వీల్లేని అవమానం అది. కోపం వస్తే 'సరదాకి అంటే రోషం చూడు' అని ఇంకోసారి నవ్వుతారు. అందుకే సత్యప్రసాద్ నలుగురిలో నవ్వుతూ తిరిగాడు, ఇంట్లో పళ్లు నూరాడు.

చైత్రంలో రెండో మేనకోడలు శ్రీదుర్గకి సంబంధం కుదిరింది. కార్తీకంలో ముహూర్తం. తాంబూలాల రోజు పల్లంరాజు ఆకు నములుతూ తీరిగ్గా అన్నాడు.

"ఈసారి బుట్ట నేనే పడతాన్లే లోవలక్ష్మీ. మీ తమ్ముడికి కొబ్బరిబొండం ఇయ్యండి. అదైనా రెండు చేతుల్తో పట్టుకోమనండి."

ఆ క్షణాన సత్యప్రసాద్ రెండు నిర్ణయాలు తీసుకున్నాడు. ఒకటి, శ్రీదుర్గని పీటల దాకా మోసేది తనే. రెండు, అదే హాల్లో, అదే జనం ముందు, పల్లంరాజు నోటితో 'నావల్ల కాదు' అనిపించాలి. మొదటిదానికి కండ కావాలి. రెండోది ఎలా జరుగుతుందో తెలియదు గానీ, జరగాలి.

ఊళ్లో జిమ్ముకి వెళ్తే సాయంత్రానికి మిల్లుకి కబురందుతుంది. అందుకని మేడ మీద గదే జిమ్ము. మొదటి రోజు దండీలు తియ్యబోతే ఆరు వచ్చాయి. ఏడోదానికి ముక్కు నేలకి తగిలింది. రోషం ఆపుకోలేక మర్నాడు బస్కీలు మొదలుపెట్టి, ఎన్ని తీశాడో లెక్క తప్పేదాకా తీశాడు. లెక్కల మాస్టారికి లెక్క తప్పిందంటే ఎంత ఆవేశమో చూసుకోండి. ఫలితంగా మూడు రోజులు స్కూలు మెట్లు గోడ పట్టుకుని ఎక్కాడు, కుర్చీలోంచి లేవడానికి ప్యూన్ చెయ్యి అడిగాడు. నాలుగో రోజు ఫోన్లో వెతికి బుద్ధి తెచ్చుకున్నాడు. రోజు విడిచి రోజు చెయ్యాలి. బరువు వారానికి కాస్త చొప్పున పెంచాలి. కండ పెరిగేది ఎత్తినప్పుడు కాదు, తిని పడుకున్నప్పుడు. ఇవన్నీ చిన్న ముక్కలే గానీ, పగ పట్టినవాడికి 'నెమ్మది' అన్న మాట మింగుడు పడడం చాలా కష్టం.

తిండి దగ్గర ఇంకో కథ నడిచింది. పుట్టి ఇరవై తొమ్మిదేళ్లలో కొడుకు మారు వడ్డించమని అడగడం సంపూర్ణమ్మ ఎరగదు. మొదట కంగారుపడి నులిపురుగుల మాత్ర మింగించింది. ఆకలి నిజమైందేనని తేలాక ఆవిడ ఆనందానికి అడ్డు లేకపోయింది. ముద్దపప్పులో గరిటెడు నెయ్యి, మధ్యాహ్నం బూరెలు, సాయంత్రం సున్నుండలు, పడుకోబోయే ముందు బెల్లం వేసిన పాలు. గోదావరి జిల్లా తల్లి చేతిలో ఆకలని నోరు జారినవాడు బాగుపడ్డ దాఖలా లేదు. రెండు నెలలకి సత్యప్రసాద్ నాలుగు కిలోలు పెరిగాడు. ఆ నాలుగూ పొట్టలోనే పెరిగాయి. చేతులు ఎప్పట్లాగే పుల్లల్లా ఉన్నాయి, వాటి మధ్య చిన్న బొజ్జ ఒకటి బయల్దేరింది. అద్దంలో చూసుకుని అతనికి ఏడుపొచ్చింది.

"అమ్మా, బూరెలు వద్దే. గుడ్లు పెట్టు. పప్పు పెట్టు, చేప పెట్టు, పెరుగు పెట్టు."

"బూరె ఏం చేసిందిరా నిన్ను?"

"ఏం చెయ్యలేదు. అదే గొడవ."

ఇక సామాను. స్కూలు సంచీలో పాత పాఠ్యపుస్తకాలు కుక్కి వీపున తగిలించుకుని దండీలు తీశాడు. ఇరవై లీటర్ల నీళ్ల టిన్నులు చెరో చేత్తో పట్టుకుని మేడ మెట్లు ఎక్కి దిగాడు. వేళ్ల పట్టు కోసమే ఆ పని. పిడి జారింది వేళ్లలోంచే కదా. అయితే అన్నిటిలోకీ ఇష్టమైన వస్తువు మాత్రం ఇరవై ఆరు కిలోల బియ్యం బస్తా. ఎందుకంటే అది పల్లంరాజు బ్రాండు. బస్తా మీద తెల్లచొక్కా వేసుకుని దణ్ణం పెడుతున్న పల్లంరాజు బొమ్మ నిలువెత్తున అచ్చేసి ఉంటుంది. సత్యప్రసాద్ తలుపు గడియ పెట్టుకుని, "రండి బావగారూ" అని మర్యాదగా పిలిచి, ఆ బస్తాని భుజానికెత్తి బస్కీలు తీసేవాడు. వంగి ఛాతీ దాకా లాగేవాడు. అయిపోయాక బొమ్మ నేలకి తగిలేలా బోర్లా పడేసేవాడు. ఆ దబ్ మన్న చప్పుడు చెవులకి ఎంత హాయిగా ఉండేదో చెప్పలేం.

"బియ్యం నూకైపోతాయిరా!" అని కింద నుంచి సంపూర్ణమ్మ అరిచేది.

"అవ్వాలనే!" అని పైనుంచి జవాబు.

శ్రావణానికి ఒక బస్తా తేలికైపోయింది. భాద్రపదంలో దాని మీద పుస్తకాల సంచీ కట్టాడు. మధ్యలో జ్వరమొచ్చి పది రోజులు పడుకుంటే, పెరిగిందంతా కరిగిపోయిందని గోడకేసి గుద్దుకున్నాడు. మళ్లీ మొదలెట్టాడు. దసరా నాటికి యాభై ఎనిమిది కిలోలు. బొజ్జ పోయింది, భుజాల దగ్గర చొక్కాలు బిగుసుకున్నాయి. టైలరు టేపు పెట్టి చూసి, "పాత కొలతలు మీవేనాండీ?" అని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నకి సత్యప్రసాద్ అతనికి టీ తాగించాడు.

దసరా సెలవుల్లో లోవలక్ష్మి పుట్టింటికి వచ్చింది. మేడ మీద తమ్ముడు బస్తాని అమాంతం ఎత్తి అటక మీద పెట్టడం చూసి నోరు తెరిచింది. కాసేపటికి పక్కన కూర్చుని గొంతు తగ్గించింది.

"ఒక మాట చెప్తాను, ఎవరితోనూ అనకు. మా బావగారికి మొన్న రాజమండ్రిలో గుండెకి స్టెంటు వేశారురా. పట్టిసీమలో మొక్కుందని చెప్పి వెళ్లారు. ఊళ్లో ఎవరికీ తెలీదు. బరువులు ఎత్తకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడంట. ఆయనేమో మిల్లులో నలుగురు చూస్తుండగా బస్తా ఎత్తి చూపించే మనిషి. గుండెజబ్బంటే లోకువైపోతానని ఆయన బెంగ. నువ్వు ఆ బుట్ట దగ్గర ఆయన్ని కదపకు, నీకు దణ్ణం పెడతాను."

"ఛ, నేనెందుకు కదుపుతానక్కా" అన్నాడు సత్యప్రసాద్.

అక్క కిందికి దిగాక అతను గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. సంతోషం వేసింది. అలాంటి మాటకి సంతోషించినందుకు సిగ్గు కూడా వేసింది గానీ, సంతోషం ముందు అది నిలబడలేకపోయింది. ఎలా జరుగుతుందా అనుకున్న రెండో పని తనంతట తనే నడిచొచ్చి గుమ్మంలో నిలబడింది. రంకెలెయ్యక్కర్లేదు, గొడవ పడక్కర్లేదు. మర్యాదగా పిలిస్తే చాలు. నలుగురిలో గౌరవంగా పిలిచిన పిలుపుని కాదనే మగాడు ఈ గోదావరి గట్టున ఇంకా పుట్టలేదు. కాదనాలంటే కారణం చెప్పాలి. చెప్పనీ. హాలంతా వినేలా చెప్పనీ.

కార్తీకం వచ్చింది. అదే ఫంక్షన్ హాలు. అదే చుట్టాలు. సత్యప్రసాద్ పొట్టిచేతుల చొక్కా వేసుకున్నాడు. జనం ఒకటికి రెండుసార్లు చూశారు. గౌరీపూజ అయింది, బుట్ట తెచ్చారు. లోవలక్ష్మి భయం భయంగా నాలుగు దోసిళ్ల ధాన్యం పోసి ఆపింది.

"ఇంకా పొయ్యక్కా" అన్నాడు సత్యప్రసాద్. "పెద్దదానికి సగం బస్తా పోశారు. చిన్నదానికి తక్కువ చేస్తామా?"

తనే సంచీ ఎత్తి సగం బస్తాకి తగ్గకుండా గుమ్మరించాడు. శ్రీదుర్గ బుట్టలో కూర్చుంటూ అతని చెయ్యి పట్టుకుంది.

"మావయ్యా, నన్ను పడెయ్యవు కదా?"

"నువ్వు పడితే నీ కింద నేను పడతానమ్మా" అన్నాడు. ఆ మాట మాత్రం పగతో అన్నది కాదు.

తర్వాత పంతులుగారి మైకు అందుకున్నాడు. నెలరోజులుగా బోర్డు ముందు అభ్యాసం చేసిన గొంతు అది.

"అందరికీ నమస్కారమండి. మొన్న మాఘంలో ఈ హాల్లోనే మా పెద్దమ్మాయి బుట్ట నా చేతిలోంచి జారిపోతే, మా పల్లంరాజు బావగారు వచ్చి నిలబెట్టారు. ఆ సాయం నేను మర్చిపోలేదండి. ఆయన చెయ్యి పడకుండా ఈ బుట్ట లేవకూడదు. రండి బావగారూ, ఈ పిడి ఇద్దరం కలిసి పడదాం."

చప్పట్లు మోగాయి. ఎవరో ఈల వేశారు. లోవలక్ష్మి మొహం పాలిపోయింది. ముందు వరసలో పల్లంరాజు భార్య దేవకుమారి కుర్చీలోంచి సగం లేచి, చుట్టూ చూసి, మళ్లీ కూర్చుండిపోయింది. పల్లంరాజు కదల్లేదు. సత్యప్రసాద్ ఆయన పెదాల వైపే చూస్తూ నిలబడ్డాడు. ఇన్ని నెలల గుడ్లు, ఇన్ని నెలల బస్తా, అన్నీ ఆ పెదాల కోసమే.

"మోకాలు నొప్పి" అన్నా సరిపోయేది. "ఈసారి కుర్రాళ్లని పట్టనివ్వండి" అన్నా పెద్దరికంగానే ఉండేది. ఆయన లేచి వచ్చాడు. కండువా నడుముకి చుట్టాడు, చొక్కా చేతులు మడిచాడు. నుదుటి మీద చెమట. వచ్చి వంగి పిడి మీద చెయ్యి వేశాడు.

సత్యప్రసాద్‌కి అప్పుడు తెలిసొచ్చింది. ఈ మనిషి చస్తాడు గానీ చేతకాదని మాత్రం అనడు. మాఘంలో తనూ ఇలాగే, మొయ్యలేనని తెలిసీ వంగి ఇదే పిడి పట్టుకున్నాడు. ఆ సంగతి తట్టగానే జాలి పుట్టాలి మామూలుగా. అతనికి ఒళ్లు మండింది. ఎనిమిది నెలలు ఎదురుచూసిన ఒక్క మాట కూడా ఈయన దక్కనివ్వడం లేదు. పైగా ఇప్పుడు ఈయన గుండె ఆగితే శ్రీదుర్గ పెళ్లి ఆగిపోతుంది, పిలిచిన పాపం తనకి చుట్టుకుంటుంది. ఆలోచించడానికి వ్యవధి లేదు. అటువైపు ఉదయ్‌కుమార్ అప్పటికే వంగాడు.

సత్యప్రసాద్ పెద్దాయన చెవి దగ్గరికి వంగాడు.

"ఎత్తకండి. చెయ్యి ఊరికే ఆనించండి చాలు. స్టెంటు సంగతి నాకు తెలుసు."

పల్లంరాజు తలతిప్పి చూశాడు. ఆ కళ్లలో భయం, కోపం, ఇంకేదో కలిసి కనబడ్డాయి. చెయ్యి తియ్యడానికి లేదు, ఎత్తడానికి లేదు. అలాగే ఆనించి ఉంచాడు.

బుట్ట లేచింది. ఇటువైపు బరువంతా సత్యప్రసాద్ రెండు చేతుల్లోకి వచ్చింది. మేడ మీద బస్తా కన్నా చాలా ఎక్కువే. మోకాళ్లతో లేచాడు, నడుం నిటారుగా పెట్టాడు, వేళ్లు బిగించాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అయిదో అడుగు పడింది, పిడి జారలేదు. పక్కన పల్లంరాజు ఊపిరి బరువుగా వినిపిస్తోంది.

"బరువెలా ఉందండీ బావగారూ?" అన్నాడు మెల్లగా, నవ్వుమొహంతో.

పల్లంరాజు చూపు పీటల మీదే పెట్టి నడిచాడు.

"పోనీ ఇంకాస్త ధాన్యం పొయ్యమంటారా?"

"నోరు ముయ్యరా" అన్నాడు పల్లంరాజు.

పీటలకి పదడుగుల దూరంలో ఫొటోగ్రాఫరు అడ్డం వచ్చి చెయ్యెత్తాడు. "ఒక్క నిమిషం అలాగే ఆగండి సార్! పెద్దాయనా, మీరు ఇటు చూసి నవ్వాలండి. మాస్టారూ, మీరు కొంచెం వెనక్కి జరగండి, పెద్దాయన కనపడ్డం లేదు."

సత్యప్రసాద్ వెనక్కి జరిగాడు. పిడి వేళ్లని కోసేస్తోంది, భుజాలు పెళ్లున విరిగిపోయేలా ఉన్నాయి. అయినా ఆ నిమిషం ఎంతసేపుంటే అంత బాగుండుననిపించింది. "నవ్వండి సార్, ఇంకొంచెం" అన్నాడు ఫొటోగ్రాఫరు. పల్లంరాజు నవ్వాడు. మొయ్యని బరువు పక్కన నిలబడి, మోస్తున్నట్టు, మూడొందల మంది ముందు పళ్లన్నీ కనబడేలా నవ్వాడు.

శ్రీదుర్గని పీటల దగ్గర దించారు. హాలు దద్దరిల్లింది. చప్పట్లన్నీ పల్లంరాజుకే. "ఈ వయసులో కూడా ఆ పట్టు చూశారాండీ!" అన్నారు. "ఆయన చెయ్యెయ్యకపోతే మళ్లీ పడేసేవాడే" అని ఎవరో అన్నది సత్యప్రసాద్ చెవిన స్పష్టంగా పడింది. సాయంత్రానికి కొత్త వీడియో గ్రూపుల్లోకి వచ్చింది. రెండుసార్లూ కాపాడిన పెదనాన్న అని దాని పేరు. ఉదయ్‌కుమార్ ఒక్కడే భుజం తట్టి, "అటు ఇద్దరున్నారు, చెమటలు నీకొక్కడికే పట్టాయేంట్రా?" అన్నాడు గానీ, జవాబు వినకుండా భోజనాలకి వెళ్లిపోయాడు.

రెండు రోజులు సత్యప్రసాద్ ఉడికిపోయాడు. ప్రాణం నిలబెట్టింది తను, బరువు మోసింది తను, పేరు మాత్రం ఆయనకి. నిజం చెబుదామంటే స్టెంటు సంగతి చెప్పాలి. చెప్పినా బావగారి మీద ఏడుపంటారు. మూడో రోజు ఫొటోలు వచ్చాయి. ఆ నవ్వు చూశాడు. చూడగా చూడగా ఉడుకు తగ్గి, నెమ్మదిగా ఒక ఆలోచన వచ్చింది.

ఆ ఫొటోని గోడకి సరిపడేంత పెద్దది చేయించి, బంగారు రంగు ఫ్రేము కట్టించి, ఆటోలో మిల్లుకి పట్టుకెళ్లాడు. గుమస్తాలూ హమాలీలూ పోగయ్యారు. "బావగారి కుర్చీకి సరిగ్గా ఎదురుగా కొట్టండి" అని మేకులు తనే అందించాడు. పల్లంరాజు గుడ్లప్పగించి చూస్తూ కూర్చున్నాడు. వద్దంటే ఎందుకో చెప్పాలి మరి.

ఆనాటి నుంచి ప్రతి ఆదివారం సత్యప్రసాద్ బావగారి పలకరింపుకి మిల్లుకి వెళ్లడం మొదలుపెట్టాడు. ధాన్యం తెచ్చిన రైతు ఎవరొచ్చినా ఆ ఫొటో చూడకుండా పోడు. చూసినవాడు మెచ్చుకోకుండా ఉండడు. "ఆయ్, బరువంతా బావగారే మోశారండి" అని సత్యప్రసాద్ వినయంగా అందించేవాడు. పల్లంరాజు తల వంచుకుని కాగితాలు వెతికేవాడు. రెండు వారాల్లో ఆయన మొహం పీక్కుపోయింది. బస్తా ఎత్తి చూపించమని కుర్రాళ్లు సరదాపడితే బాత్‌రూముకని లేచి వెళ్లిపోతున్నాడట. గుమస్తా నవ్వుతూ చెప్పాడు.

మూడో ఆదివారం యెహెజ్కేలు అనే పెద్ద రైతు వచ్చాడు. కుర్చీ లాక్కుని ఫొటో ముందు కూర్చున్నాడు.

"మా ఇంట్లో అందరం చూశామండి వీడియో. మా అబ్బాయిలకి చెప్పాను, మనిషంటే పల్లంరాజుగారిలా ఉండాలిరా అని."

పల్లంరాజు చేతిలో టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"నేను మొయ్యలేదండి" అన్నాడు. "నావల్ల కాదు. నా గుండెకి స్టెంటు వేశారు. చెయ్యి ఊరికే ఆనించాను. మోసింది మా బావమరిది. మొత్తం వాడే మోశాడు."

సత్యప్రసాద్ తన టీ గ్లాసు పెదాల దగ్గరే ఆపేశాడు. అదీ ఆ మాట. ఎనిమిది నెలలు కాచుకున్న మాట, దాని వెనకే తనకి దక్కాల్సిన పేరు.

యెహెజ్కేలు పగలబడి నవ్వాడు.

"ఎంత మంచోరండీ మీరు! బావమరిది పరువు నిలబెట్టడానికి లేని గుండెజబ్బు కూడా తెచ్చేసుకున్నారే! ఫొటోలో కనపడతా ఉంటే ఎలా దాస్తారండి?"

"నిజమేనండీ" అన్నాడు పల్లంరాజు. సత్యప్రసాద్ వైపు తిరిగాడు. "చెప్పరా సత్యం. నువ్వైనా చెప్పు. ఇంక నావల్ల కావట్లేదు."

ఇప్పుడు ఒక్క మాట చాలు. 'అవునండి, నేనే మోశాను' అంటే చాలు. స్కూల్లో, చుట్టాల్లో, రావులపాలెం నాయనమ్మ దగ్గర, అన్నిచోట్లా తలెత్తుకోవచ్చు. యెహెజ్కేలు నోట్లో పడ్డ మాట సాయంత్రానికి పది ఊళ్లు తిరిగొస్తుంది. సత్యప్రసాద్ ఎదురుగా ఉన్న ఫొటో చూశాడు, దాని కింద బతిమాలుతున్న మొహం చూశాడు. మాంసం గురించి మైకులో అన్న గొంతు ఇదే.

"బావగారు ఎప్పుడూ ఇలాగే అంటారండి" అన్నాడు నవ్వుతూ. "ఆయన మంచితనం అది. ఊరికే చెయ్యి ఆనించింది నేనండి. బరువంతా ఆయనదే."

"నాకు తెలుసుగదండీ!" అన్నాడు యెహెజ్కేలు, తొడ మీద చరుచుకుని.

పల్లంరాజు కళ్లు మూసుకున్నాడు. ఆ మాటతో తన పేరు ఇంక ఎప్పటికీ తిరిగి రాదని సత్యప్రసాద్‌కి తెలుసు. తెలిసే అన్నాడు. తన గ్లాసులో మిగిలిన టీ తాగేసి లేచాడు.

"వచ్చే ఆదివారం మళ్లీ వస్తానండి, బావగారూ" అని చెప్పి, చెప్పులేసుకుని బయటికి నడిచాడు.